రాహేలు టీచరు ఆర్గన్ మీది అద్దం

నేను ఒక స్కూటర్ అద్దాన్ని. చర్చిలో నీకేం పనని అడుగుతారేమో, చెబుతా వినండి. నా మొదటి యజమాని ఇన్సూరెన్స్ ఏజెంటు. వెనకొచ్చే బండ్లను నాలో ఒక్కసారి చూసిన పాపాన పోలేదు, జుట్టు మాత్రం పూటకు పదిసార్లు దువ్వుకునేవాడు. చివరికి ఓ గేదెను గుద్దాడు. స్కూటర్ తుక్కయింది, నేను మెకానిక్ షెడ్డులో మేకుకు చేరాను.

అక్కడికి రాహేలు టీచరు వచ్చి నేను కావాలని అడిగింది. ఏ బండికమ్మా అన్నాడు మెకానిక్. ఆర్గన్‌కి అంది. వాడు నవ్వాడు గానీ, ఆవిడ బాధ వాడికేం తెలుసు? ఆర్గన్ వాయించేవాళ్లు జనానికి వీపు పెట్టి కూర్చోవాలి. పెళ్లికూతురు గుమ్మం దాటిందో లేదో, పాట ఎక్కడ ఆగిందో వెనక్కి చూడకుండా తెలియాలి. అలా ఆ ఆర్గన్ మీద నన్ను బిగించారు.

ముప్పై ఒక్క ఏళ్లుగా వాయిస్తోందావిడ. శనివారాలు పాఠాలు చెప్పేది. వేళ్లు గుండ్రంగా పెట్టకపోతే స్కేలుతో ఒక్కటి తగిలించేది. ఆవిడ శిష్యులు ఏలూరులో, కాకినాడలో పెద్ద చర్చిల్లో వాయిస్తున్నారు. మిగతావాళ్లు ఈ బెంచీల్లోనే కూర్చుంటారు.

ఆరేళ్ల కిందట ఆవిడకు చెవులు పోయాయి. ఎవరికీ చెప్పలేదు. నాలో జనం పెదాలు చూసి వాయించేది. మొన్నొక ఆదివారం, కొత్తగా వచ్చిన పాస్టరు జయపాల్ అయ్యగారు ఆఖరి చరణం వద్దన్నారు. టీచరు అప్పుడే పేజీ తిప్పుతోంది. జనమంతా ఆగిపోయినా, చరణం మొత్తం ఒక్కతే వాయించేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే టౌను నుంచి కీబోర్డు అతన్ని పిలిపిస్తామని అయ్యగారు మర్యాదగానే చెప్పారు.

శనివారం ఆవిడ నన్ను చీర కొంగుతో తుడిచి, స్క్రూ బిగించింది. "ఇక్కణ్ణించి నన్ను లేపడం అంత సులువు కాదు" అని నాకేసి చూస్తూ అంది.

ఆదివారం ఐదు చరణాల పాట. మూడో చరణం అవుతుండగా అయ్యగారు చాలు అనడం నాకు వినబడింది. ఆయన నిలబడ్డ మూల నాకు అందదు. అంతలో మూడో బెంచీలో సుగుణమ్మ పుస్తకం పైకెత్తి మూసింది. పక్కవాళ్లూ మూశారు. వెనక బెంచీలన్నీ మూశాయి. అందరూ సూటిగా నన్నే చూస్తూ పెదాలు బిగించారు. నేనెంత వెర్రిదాన్ని! నోరు అంతేసి తెరిచి పాడుతుంటే, వీళ్లది ఎంత భక్తో అని ఆరేళ్లూ ముచ్చటపడ్డాను. పసిపిల్లకు అన్నం పెట్టేటప్పుడు తల్లి నోరు తెరిచినట్టు, వాళ్లు ఆవిడ కోసం తెరిచారు.

టీచరు సరిగ్గా అక్కడే ఆపింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు దగ్గరకొచ్చి, ఇవాళ బాగా విన్నారని మెచ్చుకున్నారు. దణ్ణం పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఊరుకోలేదు.

"వినలేదండి అయ్యగారూ. ఆరేళ్లుగా నాకు ఏమీ వినబడదు. వీళ్లు చూపిస్తున్నారు, వాయిస్తున్నాను. ఇక ముందూ వాయిస్తాను."

ఎవరూ బయటికి కదల్లేదు. సుగుణమ్మ లేచింది. "మాకు పాట నేర్పింది ఆవిడండి. ఎక్కడ ఆపాలో మేం చూపిస్తాం."

అయ్యగారు మిగిలిన రెండు చరణాలూ పాడదామని చెప్పి, వెళ్లి మూడో బెంచీలో సుగుణమ్మ పక్కన నిలబడ్డారు. నాలోకి చూస్తూ, అందరికంటే పెద్దగా నోరు తెరిచారు.