వియ్యంకులు, వేడెక్కని నేల

ఆ ఆదివారం పొద్దున ఒక్‌రే వంటగది గుమ్మంలో నిలబడి, వట్టి పాదాన్ని హాలు నేలకి ఆనించి చూసి గబుక్కున వెనక్కి తీసుకుంది. బయట కొండల మీద ఎంత మంచుందో అంత చలీ కాళ్ళ కిందే ఉన్నట్టుంది. ఇంకాసేపట్లో కూతురు బోరం పెళ్ళి మాటలకి కాబోయే వియ్యంకుడు వస్తున్నాడు.

"ఏమండీ, బాయిలర్ పెట్టారా లేదా?"

"పెట్టకేం! పొద్దుట్నుంచీ మొత్తుకుంటూనే ఉందిగా, వినపడట్లేదూ?" అన్నాడు పిల్గు.

ఆయన ఏళ్ళ తరబడి కొండదారుల్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. దేనికైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఇంకాస్త గట్టిగా తొక్కడం. నేల కింది గొట్టాల్లోకి వేడినీళ్ళు పంపి గదుల్ని వెచ్చబెట్టే ఆ బాయిలర్ వేడిని ఈ వారమంతా పెంచుతూనే ఉన్నాడు. దాంతో పులియడానికి సోయా ముద్దలు వేలాడదీసిన చిన్నగది కుంపటైంది. హాలు మాత్రం వేడెక్కలేదు.

"పోనీ చిన్నగదిలో కూర్చోబెడదామా?"

"ఆ కంపులో పెళ్ళిమాటలా? నాన్నా, నీకు దణ్ణం పెడతా!" అని మొత్తుకుంది బోరం.

కాబోయే వియ్యంకుడు తేఇక్, పెళ్ళికొడుకు జున్‌సోని వెంటబెట్టుకుని రానే వచ్చాడు. ఒకప్పుడు పోస్టుమాస్టరు. భార్య పోయి రెండేళ్ళు. సూటు ఇస్త్రీ ఎక్కడా నలగలేదు, మొహంలో నవ్వు లేదు. చాప మీద నిటారుగా కూర్చుని వాతావరణం గురించి ఒక మాట, రోడ్డు గురించి ఒక మాట అన్నాడు. ఆయన మేజోళ్ళలో వేళ్ళు ముడుచుకుని, ఒక పాదం రెండో పాదం మీదికి ఎక్కడం ఒక్‌రే చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

తేఇక్ మెల్లిగా అరచెయ్యి నేలకి ఆనించాడు.

"హాలొక్కటే ఇలా ఉందా అండీ?"

"హాలొక్కటే. బాయిలర్ ఎంత పెంచినా అంతే," అన్నాడు పిల్గు.

"గొట్టాలు పట్టుకుని చూశారా?"

పిల్గు మొహం మాడింది. అయిపోయింది, సంబంధం చెడింది అనుకుంది ఒక్‌రే.

"మా ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే గోలండీ," అన్నాడు తేఇక్. "చలికాలం సగం దాకా నేనూ బాయిలరే పెంచుకుంటూ కూర్చున్నా."

పిల్గు పకపకా నవ్వి లేచాడు. "అయితే రండి, చూద్దాం!"

వేడినీళ్ళ గొట్టాలు గది గదికీ చీలిపోయేది వంటగది సింకు కిందే. ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి తలలు అందులో దూర్చారు. ఒక్‌రేకి వాళ్ళ వెనకభాగాలు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇది కాలుతోంది. ఇదీ కాలుతోంది. ఇదేంటండీ, చచ్చిన చేపలా చల్లగా ఉంది!" అన్నాడు పిల్గు.

"అయితే హాలు గొట్టం అదే. గాలి పట్టేసింది. అది అడ్డం కూర్చుంటే వేడినీళ్ళు ఎలా వెళ్తాయి?"

"పోయిన నెల బాయిలర్ మార్పించాం."

"అప్పుడే దూరుంటుంది."

బాయిలర్ ఆపి, మిగతా గదుల వాల్వులన్నీ కట్టేశారు. నీళ్ళు వదిలే కుళాయికి రబ్బరు గొట్టం తగిలించారు. రెండో కొస పట్టుకుని ఒక్‌రే స్నానాలగదిలో కూర్చుంది. ముందు తుస్సుమంది. తర్వాత బుడబుడమని నల్లటి నీళ్ళు వచ్చాయి.

"వస్తోంది, వస్తోంది!" అని అరిచింది ఒక్‌రే.

"ఇంకాస్త తిప్పుదాం!" అన్నాడు పిల్గు. తిప్పాడు. రబ్బరు గొట్టం ఊడొచ్చింది.

ఒక్‌రే పరుగెత్తుకొచ్చేసరికి పోస్టుమాస్టరు గారి సూటు, చొక్కా, మీసాలు అన్నీ నల్లబడి ఉన్నాయి.

"కట్టెయ్యండి బావగారూ, కట్టెయ్యండి!" అంటూ తేఇక్ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

గొట్టం మళ్ళీ బిగించి, నీళ్ళు తేటపడేదాకా వదిలారు. వాల్వులన్నీ తెరిచి బాయిలర్ పెట్టారు. పొడగరి తేఇక్‌కి పిల్గు ప్యాంట్లు పట్టలేదు. ఒక్‌రే చేలో పనికి వేసుకునే పూలపూల వదులు పైజామా ఒక్కటే పట్టింది. బోరం, జున్‌సో గోడవైపు తిరిగి నోరు నొక్కుకున్నారు.

"నవ్వండి నవ్వండి, మీ పెళ్ళికి కూడా ఇదే వేసుకొస్తా," అన్నాడు తేఇక్.

కుడుముల పులుసు వడ్డించేసరికి గోడవార నేల గోరువెచ్చబడింది. గిన్నెలు ఖాళీ అయ్యేసరికి ఆ వెచ్చదనం హాలు నడిమికి పాకింది.

"కాసేపు నడుం వాల్చనా చెల్లెమ్మా?"

"అయ్యో, అడగాలా అన్నయ్యా?"

తేఇక్ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ అన్నాడు. "మా ఆవిడ పోయాక మా హాలు వాల్వు కట్టేశాను. ఒక్కడికి ఒక్క గది చాలదా అని."

"ఇక తెరవండి బావగారూ," అన్నాడు పిల్గు, పక్కనే ఒళ్ళు వాలుస్తూ. "రేపు మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి?"

తేఇక్ చెయ్యి చాపి పిల్గు భుజం మీద ఒకసారి తట్టి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఇద్దరి గురకా మొదలైంది.

"మరి పెళ్ళి తేదీ?" అని గుసగుసగా అడిగాడు జున్‌సో.

"లేవనీ నాయనా," అని ఒక్‌రే ఇద్దరి మీదా ఒకే దుప్పటి కప్పింది. తనూ గోడకి చేరగిలబడి, కాళ్ళు హాయిగా బారచాపుకుంది.