పెద్దకారు ఇంజను విప్పిన సంగతి

పొద్దున్నే బాలకృష్ణయ్య చేసే మొదటి పని పెద్దకారు అద్దాలు తుడవడం. ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందులో ఇల్లు. వాకిట్లో సగం ఆ బండే ఆక్రమించేది. రేడియేటర్లో నీళ్లు పోసి, బానెట్టుకి బొట్టు పెట్టి, "తులసీ, పోయొస్తా" అని కేకేసేవాడు. వంటింట్లోంచి తులసమ్మ "ఊఁ" అనేది. ఆయన రైల్వే స్టేషను ముందు బాడుగ బండ్ల వరసలో పోయి నిలబడేవాడు.

బండి వాళ్ల నాయన కొన్నది. వాళ్ల పత్తి జిన్నింగు మిల్లు బాగా నడిచిన కాలంలో మద్రాసు నుంచి తెప్పించిన ఆరు సిలిండర్ల అమెరికా కారు. రైలు పక్కనే పరిగెత్తించి, దాన్ని దాటేసి, ముందున్న రైలు గేటు దగ్గర ఆగి, వెనకొచ్చే రైలు డ్రైవరుకి చెయ్యూపేవాడంట ఆ పెద్దాయన. మిల్లు పోయింది, ఆయనా పోయాడు, బండి మిగిలింది. కొడుకు దాన్ని బాడుగకు తిప్పుతూ బతికాడు. మైళ్లు చూపించే అంకెలు చివరిదాకా పోయి మళ్లీ సున్నాలకు వచ్చి, అట్లా ఎన్నిసార్లు తిరిగాయో ఆయన లెక్కపెట్టడం మానేశాడు.

అన్ని మైళ్లు తిరగడానికి కారణముంది. ఆ బండెక్కినవాళ్ల మధ్య చెప్పుకోవాల్సిన మాటేదైనా మిగిలి ఉంటే, అది చెప్పుకునేదాకా ఊరు వచ్చేది కాదు. ఏమీ లేనివాళ్లు ఆదోనిలో ఎక్కి, చేతిలో బొరుగుల ఉగ్గాని పొట్లం తినేలోపల ఎమ్మిగనూరులో దిగేవాళ్లు. పెద్దకడుబూరు అన్నదమ్ములిద్దరు పొలం గట్టు తగాదాతో పొద్దున ఎక్కి, దారిపొడుగునా చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే, అదే పత్తిచేను, అదే రాళ్లకుప్ప వస్తానే ఉన్నాయి. సాయంత్రానికి ఒకరినొకరు తిట్టుకుని, ఏడ్చి, ఆకలేసి నవ్వుకున్నాక ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వినిపించింది. "పెద్దకారులో పోతాండారా? ఐతే సద్ది కట్టుకొని పోండి" అనేవాళ్లు ఊళ్లో. పెండ్లి సంబంధాలవాళ్లు, పొత్తు వ్యాపారాలవాళ్లు కావాలనే దాన్ని బాడుగకు మాట్లాడుకునేవాళ్లు. తొందర ఉన్నవాళ్లు బస్సెక్కేవాళ్లు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటికి ఇంజను అలిసిపోయింది. ఎత్తు ఎక్కాలంటే రొప్పేది, వెనక నల్లటి పొగ. స్టేషను ముందుకు కొత్త బండ్లు వచ్చాయి. పత్తి వ్యాపారం చేసే సత్యనారాయణ ఒకరోజు పిలిచి, "మా మనుషుల్ని, దూది మచ్చుల్ని ఊరూరికీ తిప్పాల. దినామూ నీకే ఇస్తా బాడుగ. కానీ బండి ఉరకాల బాలకృష్ణా, ఇట్ల మూలగగూడదు" అన్నాడు.

బాలకృష్ణయ్య ఎమ్మిగనూరు పోయి మెకానిక్ యేసేపును కలిశాడు. యేసేపు బానెట్టు ఎత్తి, ఇంజను మీద చెయ్యి పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇంజను మీది మూత, హెడ్డు దించి, దాని అడుగు కొంచెం గీయిస్తే లోపల ఒత్తిడి పెరుగుతాదన్నా. పెద్ద కార్బరేటర్ వేసి, టైమింగు ముందుకు జరిపితే మీ నాయన కాలంలో మాదిరి ఉరుకుతాది. కానీ శానా తిరిగిన ఇంజను. ఆ ఒత్తిడికి తట్టుకుంటే తట్టుకుంటాది, లేదంటే పగులుతాది. అది నేను ముందే సెప్పలేను."

"మరి దాని గుణం?"

యేసేపు చేతులు తుడుచుకున్నాడు. "ఆ గుణం యాడుందో నాకు తెలీదు. హెడ్డులో ఉంటే పోతాది. కింది చట్రం చాసీలో ఉంటే ఉంటాది."

ఇంటికొచ్చి భార్యకు ఇదంతా చెప్పాడు. ఆమె జొన్నపిండి తడుపుతూ, తలెత్తకుండానే "చేపించండి" అంది.

"గుణం పోతాదేమోనే."

"పోతే పోనీండి. ఏం బంగారమా అది? రేపే తీస్కపోండి."

బాలకృష్ణయ్యకు ఆశ్చర్యమేసింది. ఈ బండిని ఆమె కూడా ఆయనంత ప్రేమగానే చూసుకునేది. పెండ్లయిన కొత్తలో కావాలనే ఏదో ఒక మాట దాచుకుని ఎక్కేది, దారి పొడుగవుతుందని. అట్లాంటిది ఈ మధ్య బండి వైపు రావడమే మానేసింది. ఎమ్మిగనూరులో చెల్లెలు అన్నపూర్ణ ఇంటికి పోవాలన్నా బస్సులోనే పోతోంది. అడిగితే పెట్రోలు వాసన పడడం లేదంటుంది.

ఆయన ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఒత్తిడి పెంచితే రోజూ బాడుగ దొరుకుతుంది. పెంచకపోతే ఇంకో ఏడాదికో రెండేళ్లకో బండి వాకిట్లోనే ఆగిపోతుంది. అయినా చెయ్యి ఆడలేదు. చివరికి అన్నపూర్ణ మనవడి బారసాల వచ్చింది. ఆ రోజు బస్సులు బందు.

"నేనెట్లాగూ బండిని యేసేపుకు అప్పజెప్పాల. రా, గుణం పోకముందు ఆఖరుసారి దీంట్లో పోదాం" అన్నాడు.

తులసమ్మ చాలాసేపు వాకిట్లో నిలబడి, ఎక్కి కూర్చుంది.

ఊరు దాటారు. ఆమె గలగలా మాట్లాడింది. అన్నపూర్ణ కోడలి గురించి చెప్పింది, చింతపండు ధర చెప్పింది, ఎప్పుడో పోగొట్టుకున్న ముక్కుపుడక గురించి కూడా చెప్పింది. నల్లరేగడి చేలు వస్తూనే ఉన్నాయి. ఎమ్మిగనూరు ఆరు కిలోమీటర్లని రాసిన రాయి పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. బారసాల అయిపోయే ఉంటుంది. ఇంజను వేడెక్కితే ఒక వేపచెట్టు కింద ఆపి, ఆయన రేడియేటర్లో నీళ్లు పోశాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు, కానీ బండి తీయలేదు.

"తులసీ, నాకేమన్నా సెప్పాలనా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోడ్డు వైపు చూస్తూ, "రొమ్ములో గడ్డ ఉంది" అంది. "మొన్న ఉగాదికి ముందు నుంచీ ఉంది. పెరుగుతాంది. మా అమ్మ దాంతోనే గదా పోయింది. చెప్తే నిజమైపోతాదని భయం."

బాలకృష్ణయ్య స్టీరింగు మీదున్న చెయ్యి ఒకటి తీసి ఆమె చేతి మీద పెట్టాడు. బండి తీశాడు. చెట్టు దాటగానే ఎమ్మిగనూరు వచ్చేసింది. ఆయన యేసేపు షెడ్డు దగ్గర గానీ అన్నపూర్ణ ఇంటి దగ్గర గానీ ఆగలేదు. ఊరి మధ్యలో బండి తిప్పి, ఆదోని మీదుగా, ఆలూరు మీదుగా బళ్ళారి పెద్దాసుపత్రికి తోలాడు.

ఆపరేషను చేశారు. గడ్డ తీసేశారు. గాయం మానుతున్నప్పుడు డాక్టరమ్మ బాలకృష్ణయ్యను వరండాలోకి పిలిచింది. "ఇప్పటికైతే బాగుంది. మళ్లీ రాదని మాత్రం చెప్పలేను. రాకుండానూ పోవచ్చు. అప్పుడప్పుడూ తడిమి చూసుకోవాలి, ఏమాత్రం తేడా ఉన్నా వెంటనే రావాలి" అని, ఎట్లా చూసుకోవాలో వివరంగా చెప్పింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేను చెప్తానమ్మా" అన్నాడు బాలకృష్ణయ్య.

కానీ చెప్పలేదు. మంచం మీద ఆమె చాన్నాళ్ల తర్వాత నవ్వుతోంది. ఆ నవ్వు ముందు ఆ మాట ఎట్లా పెట్టాలో ఆయనకు తెలియలేదు. కుదుపులకు కుట్లు నొస్తాయని చెప్పి, ఆమెను రైల్లో ఇంటికి పంపించి, బండిని తానొక్కడే తెచ్చుకున్నాడు. ఒక్కడే కాబట్టి దారి మామూలుగానే ఉంది.

వారం తిరక్కుండానే బండిని యేసేపు షెడ్డులో పెట్టి, "హెడ్డు గీయించు" అన్నాడు.

"బాగా ఆలోచన చేసినావా అన్నా? ఇంజను పగిలితే నన్ననగూడదు."

"పగిలితే పగలనీ."

యేసేపు ఆయన ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా హెడ్డు దించాడు. గీయించడానికి గుంతకల్లు పంపాలని గోనెసంచిలో చుట్టి పెట్టాడు. ఇంతలో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ తులసమ్మ వచ్చింది. షెడ్డు ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. నోరు తెరిచినట్టున్న ఇంజనులోకి చూసింది. ఆరు గుంతలు, మసిబట్టి.

"అప్పుడు నేను చేపించమంటే మీకు మనసు రాలేదు. ఇప్పుడెందుకు ఇంత తొందర?" అంది.

ఆయన చేతిలోని స్పానరును అటూ ఇటూ తిప్పాడు.

"యేసేపన్నా, అది ఎట్లున్నది అట్లే బిగించు. రింగులు అరిగింటే రింగులు మార్చు. గీసేదేం వద్దు. దీంట్లోనే ఇంటికి పోతా నేను."

యేసేపు బాలకృష్ణయ్య వైపు చూశాడు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. రింగులు మార్చి, వాల్వులు నూరి, బిగించడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆమె చెల్లెలింట్లో ఉండి, పొద్దున్నే వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేది.

తిరుగు ప్రయాణంలో ఇంజను మెత్తగా పాడుతోంది. ఆదోని మాత్రం రాలేదు. జొన్నచేలు, రాళ్లకుప్ప, మళ్లీ జొన్నచేలు. తులసమ్మ ఒడిలో సద్దిమూట పెట్టుకుని, చెప్పులు విడిచి, కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చుంది.

"చెప్పండి" అంది.

"ఏం సెప్పాల?"

"నన్నడిగితే? నాకు తెలిసుంటే ఈ దారి ఇంత పొడుగుంటాదా?"

ఆయన నవ్వబోయి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. చాలా దూరం పోయారు. ఆమె మూట విప్పి రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. తొందరపెట్టలేదు. చెప్పలేని మాట గొంతులో ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. పొద్దు పడమటికి వాలి, చేల మీద ఎర్రగా పరుచుకున్నాక ఆయన బండి ఆపాడు.

"మళ్లీ రావొచ్చంట తులసీ."

ఆమె రొట్టె నమలడం ఆపింది. దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలిస్తున్న కేక వినిపించింది.

"ఎప్పుడంట?"

"తెలీదంట. రాకుండానూ పోవచ్చంట. తడిమి సూసుకుంటాండాలంట. ఎట్లనో నాకు సెప్పినారు."

"మీకు చెప్పినారు. మరి ఒళ్లు నాది గదా!" అంది. గొంతు కోపంగానే ఉంది, కళ్లల్లో నీళ్లున్నాయి. "మీరు దాచి పెట్టుకొంటే చూసుకునేదెవరు?"

"నువ్వు నవ్వుతాంటివి. అందుకని..."

"తెలిసినా నవ్వుతాలే. ఎట్ల చూసుకోవాల్నో చెప్పండి ఇప్పుడు."

డాక్టరమ్మ చెప్పిందంతా ఆయన సిగ్గుపడుతూ, తడబడుతూ, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. అది పూర్తయి తలెత్తేసరికి ఎదురుగా ఆదోని కొండ.

సత్యనారాయణ బాడుగ కొత్త బండివాడికి పోయింది. పెద్దకారు తన పద్ధతిలోనే తిరుగుతూ ఉంది.

ఎనభై రెండులో, తొలకరి పడిన వారంలో, మధ్యాహ్నం అన్నం తింటున్న మొగుడి పక్కన కూర్చుని తులసమ్మ ఉన్నట్టుండి, "చంకలో జొన్నగింజంత తగులుతాంది" అంది. మజ్జిగ వడ్డిస్తూ చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రానికల్లా బళ్ళారిలో ఉన్నారు.

"ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ రారమ్మా. ఎట్లా కనిపెట్టావు?" అంది డాక్టరమ్మ.

"మా ఆయన నేర్పించినాడు" అంది తులసమ్మ. తలుపు దగ్గర బాలకృష్ణయ్య నేల చూపులు చూశాడు.

దాన్నీ తీసేశారు. ఆ తర్వాత అది మళ్లీ రాలేదు. ఏళ్లు గడిచాయి. ఒకనాడు అన్నపూర్ణ ఇంట్లో పెండ్లికని ఆడవాళ్లంతా తయారవుతున్నారు. తులసమ్మ అద్దం ముందు కూర్చుని, "చూడండి, తలంతా ముగ్గుబుట్టయింది. జుట్టుకు గోరింటాకన్నా పెట్టుకోవాల్సింది" అని విసుక్కుంది.

గడపలో నిలబడిన బాలకృష్ణయ్య, కిటికీ వెలుగులో మెరుస్తున్న ఆ తెల్లజుట్టును తనివితీరా చూశాడు.

"ఏం పెట్టొద్దు" అన్నాడు. "అట్లే ఉండనీ."