నా బ్రేకులు పోలేదు

నేను ఒక జీపును. పాత ఇనుప సామాన్ల దొడ్డిలో, చక్రాల్లేని ట్రాక్టరుకూ తలుపు ఊడిన బీరువాకూ మధ్య నిలబడి ఉన్నాను. రేపో ఎల్లుండో గ్యాసు కట్టరు పట్టుకుని ఒకతను వస్తాడు. నన్ను ముక్కలు చేయడానికి అతనికి ఒక పూట చాలు. కోతకు నేను భయపడటం లేదు. ముప్పై ఏళ్ళు మనుషుల్ని మోసినదాన్ని, ఇక దేనికి భయపడాలి? నా బాధల్లా ఒక్కటే. 'బ్రేకులు ఫెయిలైనందున' అని పోలీసు కాయితంలో నా గురించి రాసి ఉంది. అది అబద్ధం. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చేయని పాపం మోసేవాళ్ళు ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పను. పొగగొట్టాల ఊళ్ళో పుట్టాను, నాలాంటివే నలభై ఒకే రోజు పుట్టాయి. మొదట ఒక సర్కారు కచేరీలో చేరాను. ఒకసారి కరువు చూడటానికి పెద్ద ఆఫీసరు వచ్చి, నా ముందు సీట్లో కూర్చుని, కిందికి దిగకుండానే ఎండిన చేలను తేరిపార చూసి, "పర్వాలేదే, పచ్చగానే ఉందే" అన్నాడు. ఆయన పెట్టుకున్నది పచ్చ కళ్ళజోడు. మనుషులు కళ్ళతో చూస్తారన్న భ్రమ నాకు ఆరోజే పోయింది. ఆ తర్వాత నన్ను వేలంలో ఒక శనగల వ్యాపారి కొన్నాడు. మూటలు మోసీ మోసీ నా నడుము వంగాక నెమళ్ళదుర్గం మారెన్న చేతికి వచ్చాను.

నెమళ్ళదుర్గం అనంతపురం వైపు ఒక రాతి కొండ. దాని మీద పాత రాజుల మహళ్ళు మూడున్నాయి, కింది మహలు, నడిమి మహలు, పై మహలు. కోటగోడను ఒరుసుకుంటూ మెలికలు తిరిగే బాటలో బస్సు పోదు, కారు ఎక్కలేదు. చూడవచ్చిన జనాన్ని కొండ కింద స్టాండులోని జీపులే వంతుల ప్రకారం పైకి తీసుకుపోవాలి. బాట ఇరుకు కనుక, ఎక్కిన బండ్లన్నీ దిగితే గానీ కిందివి కదలకూడదు. ఎదురు బండి అనే మాటే ఆ కొండ మీద లేదు. ఈ కట్టడి మారెన్నకు తర్వాత ఎంత అక్కరకు వచ్చిందో చెబుతాను.

మారెన్న నన్ను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. రోజూ తెల్లవారగానే నా కిందికి దూరి, బ్రేకు డ్రమ్ములు చేత్తో తట్టి, గొట్టాలు తడిమి, పెడలు మూడుసార్లు తొక్కి చూసి గానీ తాళం తిప్పేవాడు కాదు. "కొండ మీద దేవుడు తర్వాత మే, ముందు బ్రేకు" అనేవాడు కూతురితో. కూతురి పేరు సుంకులమ్మ. తల్లి లేని పిల్ల. చిన్నప్పటి నుంచీ నా ఎడమ సీట్లోనే పెరిగింది. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి దుర్గం మీద దాన్ని మించిన గైడు లేదు. రాళ్ళను మాట్లాడించేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, సుంకి వినేవాళ్ళను అట్లా చూసేది కాదు. ఎవరు ఏ కథ వినాలని కొండ ఎక్కారో ముఖం చూసి కనిపెట్టేది.

మారెన్నకు కళ్ళు పోతున్నాయని నాకే ముందు తెలిసింది. తాళం చెవి రంధ్రం పక్కన గీతలు పడటం మొదలైంది. తర్వాత గోడ వైపు రాళ్ళు నా మడ్‌గార్డులకు తగలసాగాయి. పట్నంలో డాక్టరు చూసి నీటికాసులన్నాడు, పోయిన చూపు తిరిగి రాదన్నాడు. పక్కలు ముందు చీకటయ్యాయి. ఏడాది తిరిగేసరికి ఎదుట కూడా వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ సంగతి బయట పడితే స్టాండు వాళ్ళు వంతు తీసేస్తారు. ఆ ఇంటికి వేరే కూడు లేదు. మరి సుంకికి బండి రాదా? ఎందుకు రాదు, కోతలైపోయిన చేలల్లో నన్ను పెట్టుకునే నేర్చుకుంది, లైసెన్సు కూడా తెచ్చుకుంది. దాని చేయి ఎంత తేలికో నాకు తెలుసు, గేరు మారితే నాకే తెలిసేది కాదు. కానీ ఆడమనిషి స్టీరింగు పట్టి కోట మీది ఇరుకు వాకిలి దాటకూడదని స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. పూర్వం ఒక రాణి తన రథం తానే తోలుకుంటూ పారిపోబోయి, ఆ వాకిలి దగ్గర పడి చచ్చిపోయిందట, ఆమె ఉసురు అక్కడ ఉందట. ఆ కథ పుట్టింది ఎప్పుడనుకున్నారు? నా కళ్ళ ముందే, ఒక మధ్యాహ్నం, టీ అంగడిలో. చూడవచ్చినవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడవాలని ఈ డ్రైవర్లే తలా ఒక మాట వేసి అల్లారు. పదేళ్ళు చెప్పేసరికి వాళ్ళకే దడ పట్టుకుంది. తామల్లిన కథకు తామే భయపడగలిగేది మనుషులొక్కరే.

మారెన్నా భయపడ్డాడు. "జాతర కానీ మే, తర్వాత నీకే ఇస్తా. స్టాండోళ్ళతో నేనే మాట్లాడ్తా" అన్నాడు. జాతర అయింది. వానలు పోనీ అన్నాడు. వానలు వచ్చినట్టే వచ్చి పోయాయి. స్టీరింగు వదిలితే తాను కళ్ళు లేని మనిషినని ఒప్పుకున్నట్టు అవుతుంది, అదీ అసలు సంగతి.

అందుకని తండ్రీ కూతుళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎదురు బండి రాని బాట కనుకనే అది సాగింది. సుంకి జనానికి చెప్పే మాటలే మారెన్నకు దారి. "ఎడమ పక్క సూడండి సార్, గుర్రాల సావడి" అని అది అంటే ఎడమ మలుపు. "కుడి పక్క ఏనుగుల కొట్టం" అంటే కుడి మలుపు. "గాలి సల్లగుండాది కదమ్మా" అంటే దారి తిన్నగా ఉంది, పోనీ అని. గట్టి చిక్కు నడిమి మహలు దాటాక ఇరుకు వాకిలి దగ్గర. బాట నిట్టనిలువుగా ఎక్కుతూ ఎడమకు తిరుగుతుంది, తిరుగుతూనే రెండు రాతి కంబాల నడుమ దూరాలి. అటూ ఇటూ జానెడు సందు. నిండు బండిని అక్కడ ఆపితే వెనక్కి జారుతుంది, ఆపకూడదు. అక్కడ సుంకి తల బయటికి పెట్టి సందు చూసుకుంటూ, "తలలు లోపల పెట్టుకోండి సార్, ఇరుకు వాకిలి" అనేది. 'వాకిలి' అన్న మాట పూర్తి కాగానే మారెన్న స్టీరింగు తిన్నగా చేసేవాడు. అందరినీ తల లోపల పెట్టుకోమనే పిల్ల, తన తల మాత్రం బయటే ఉంచేది.

ఏడాదిన్నర ఇలా తిరిగాం. కళ్ళున్న మనిషి ఎడమ సీట్లో, కళ్ళు లేని మనిషి స్టీరింగు ముందు. చూడవచ్చిన వాళ్ళంతా అదెంత చక్కగా చెబుతుందో, ఆయన ఎంత చక్కగా తోలుతాడో అని మెచ్చుకుని పోయేవాళ్ళు. సుంకి నిద్రలో కూడా ఆ మాటలే గొణిగేదని ఒకసారి మారెన్న నా బానెట్టు తుడుస్తూ చెప్పాడు. చెప్పి ఏడ్చాడు.

ఆ రోజు ఎక్కిన ఐదుగురిలో ఒక రిటైరైన చరిత్ర మాస్టారు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఎక్కేటప్పుడు మారెన్నకు నమస్కారం పెట్టాడు. మారెన్నకు అది కనబడలేదు, సుంకి చప్పున "నాయనా, సార్ నమస్తే అంటాండాడు" అంది. కింది మహలు దాకా అంతా బాగానే సాగింది. నడిమి మహలు దగ్గర సుంకి, "ఇది రాణిగారి అద్దాల మేడ సార్. ఒక దీపం పెడితే వెయ్యి దీపాలు కనపడేవంట" అంది.

"అమ్మాయ్, అది మేడ కాదు, ధాన్యపు కొట్టు" అన్నాడు మాస్టారు. "గోడకు గాలి కంతలు కనబడటం లేదా? ఎవరు చెప్పారు నీకీ అద్దాల కథ?"

"పెద్దోళ్ళు చెప్పినారు సార్."

"ఆ పెద్దవాళ్ళకు ఎవరు చెప్పారు? ముచ్చటగా ఉంటే చాలు, నిజం అక్కర్లేదా?" ఆయన గొంతులో కోపం లేదు, బడిలో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇక నువ్వు కాసేపు మాట్లాడకు తల్లీ. పై మహలు దాకా నేను చెబుతాను."

ఆయన చెప్పిందే నిజం, అది ధాన్యపు కొట్టే. వెనక వాళ్ళు నవ్వారు. సుంకి ముఖం ఎర్రబడింది. అయినా గొంతు సవరించుకుని, "లేదు సార్, దారిలో కొన్ని నేనే చెప్పాల..." అనబోయింది. "ఎందుకు చెప్పాలి?" అని అడిగాడు మాస్టారు. దానికి జవాబు చెప్పాలంటే తండ్రి కళ్ళ సంగతి చెప్పాలి. సుంకి నోరు మూసుకుంది. నేను అప్పటికే ఎక్కుడు మీద ఉన్నాను, మారెన్న రెండో గేరులో నిండుగా తొక్కుతున్నాడు. మాస్టారు ఏ రాజు ఏ ఏట కట్టించాడో గట్టిగా చెబుతున్నాడు. బాట ఎడమకు తిరిగింది. అలవాటు మీద మారెన్న స్టీరింగు ఎడమకు తిప్పాడు, తిప్పి మాట కోసం చూశాడు. మాట రాలేదు.  సుంకి తల బయటికి పెట్టింది, కంబం చూసింది, మాస్టారి మాట తెగకుండానే అరిచింది.

"తలలు..."

అంతవరకే అంది. మారెన్న ఆ సగం మాటకే ప్రాణం పెట్టి బ్రేకు తొక్కాడు. నేను పట్టాను. నిండు బండితో, ఆ నిట్టనిలువు మీద, నాలుగు చక్రాలూ నేలకు కరుచుకుని బెత్తెడు కూడా వెనక్కి జారకుండా పట్టాను. ఐదుగురిలో ఒక్కరికీ గీత కూడా పడలేదు. కంబం రాతికి నా ఎడమ అద్దం కమ్మీ మాత్రమే తగిలింది. కమ్మీకీ రాతికీ మధ్య ఉన్నది సుంకి తల.

మారెన్న ఎడమ చేయి చాచి సీటు తడిమాడు. భుజం అందింది. "మే సుంకీ, చెప్పు మే. యా పక్క? యా పక్కకు తిప్పల్ల మే?" అని అడుగుతూనే ఉన్నాడు. వెనక నుంచి జనం దూకి పరుగెత్తారు. మాస్టారు ఒక్కడే ఆయన చేయి పట్టుకుని నిలబడ్డాడు. తాను ఏం చేశాడో ఆయనకు ఈనాటికీ తెలియదు.

పోలీసులు వచ్చినప్పుడు మారెన్న కంబానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. స్టాండులో పక్క వంతు డ్రైవరు ఖాజా ముందుకు వచ్చాడు. మారెన్న చూపు సంగతి ఖాజా ఎప్పుడో పసిగట్టాడు, పైకి అనలేదు. "బ్రేకు పోయింటాది సార్, పాత బండి" అన్నాడు. పోలీసాయన మారెన్న వైపు తిరిగి, "అంతేనా?" అన్నాడు. మారెన్న తల ఊపాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా మీద వేశారు. నా పెడలు ఎవరూ తొక్కి చూడలేదు. ఆ సాయంత్రమే టీ అంగడిలో రాణి ఉసురు తగిలిందని చెప్పుకున్నారట. ఆడపిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టడమే తప్పని కట్టుబాటుకు ఇంకో మాట కలిపారట.

నన్ను పోలీసు ఆవరణలో ఎండకూ వానకూ వదిలేసి, చివరికి ఈ దొడ్డికి తోలారు.

నిన్న పొద్దున ఖాజా చేయి పట్టుకుని మారెన్న వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నా బానెట్టు మీద చేయి వేసి, తడుముకుంటూ చుట్టూ తిరిగాడు. ఎడమ వైపు కమ్మీ దగ్గర చేయి ఆగింది, అక్కడ నుంచి కదల్లేదు. ఖాజానే మెల్లగా ఇటు తిప్పి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. మారెన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎడమ పక్క సూడండి సార్, గుర్రాల సావడి" అంటూ ఎడమకు తిప్పాడు. "కుడి పక్క ఏనుగుల కొట్టం." "గాలి సల్లగుండాది కదమ్మా." ఒక్క మాట పొల్లు పోలేదు. ఆ ఏడాదిన్నరలో సుంకి ఎక్కడ ఊపిరి పీల్చేదో అక్కడే ఆయనా పీల్చాడు. నడిమి మహలు వచ్చింది. అద్దాల మేడ చెప్పాడు, వెయ్యి దీపాలు చెప్పాడు. స్టీరింగు ఎడమకు తిప్పి ఆగాడు. ఖాజా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"తలలు లోపల పెట్టుకోండి సార్, ఇరుకు వాకిలి" అని మెల్లగా అని, మారెన్న స్టీరింగు తిన్నగా చేశాడు. తర్వాత కాలు బ్రేకు మీద పెట్టి తొక్కాడు. నేను ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కూడదీసుకుని, ఆ రోజు పట్టినట్టే పట్టాను. మళ్ళీ తొక్కాడు. మూడోసారీ తొక్కాడు, రోజూ తెల్లవారగానే తొక్కినట్టే.

"ఖాజా."

"చెప్పన్నా."

"బ్రేకు బాగుండాది రా."

 దొడ్డి మనిషి వచ్చి, ఇక దిగమని రెండుసార్లు చెప్పాడు. మారెన్న పెడలు మీది నుంచి కాలు తీయలేదు.