చర్చి కప్పు సీసం

రోజూ పొద్దున్నే ఉర్సులా పొయ్యి రాజేసి, చర్చి కప్పు మీంచి ఒలిచిన సీసం రేకులు కరిగించి తూటాలు పోసేది. రాజు మీద తిరగబడ్డ పార్లమెంటు సేన హార్లీఫోర్డ్ పట్టణాన్ని చుట్టుముట్టి రెండు నెలలైంది. లోపలున్న రాజుగారి సిపాయిలకి ఇంకెక్కడా సీసం మిగల్లేదు.

మూడొందల ఏళ్లుగా తమ కింద జరిగినవన్నీ విన్న రేకులవి. అందుకే ఆ తూటాలు గాల్లో మాట్లాడుతూ పోయేవి. పెళ్లి ప్రమాణాలు కొన్ని, శవం ముందు ప్రార్థనలు కొన్ని. "ఇవాళా ఆ ముసలి పాదిరీ ప్రసంగమేనా, ఖర్మ!" అని అవతల కందకాల్లో వాళ్లు విసుక్కుంటూ తలలు దించుకునేవాళ్లు.

ఒకరోజు హ్యూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యుద్ధానికి ముందు జమీందారు అడవికి కాపలాదారు. ఇప్పుడు బురుజు మీద అంతటి గురికాడు లేడు.

"పిన్నీ, అవతలివాళ్ల పెద్ద ఫిరంగికి మందు పీపా మోసేవాణ్ణి రేపు పడగొట్టమన్నాడు కెప్టెను."

"పడగొట్టు. నాకెందుకు చెప్పడం?"

"వాడు మన ఆంబ్రోసు."

ఆంబ్రోస్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. వసంతంలో తల్లితో పోట్లాడి అటు చేరాడు. వదిలెయ్యమంటే హ్యూ మెడకి ఉరి పడుతుంది. కొడుక్కి పేరు పెట్టిన బాప్తిస్మపు తొట్టికి సరిగ్గా పైనున్న కప్పు రేకు ఒకటి ఉర్సులా దాచుకుంది, అది తీసి ఒక్క తూటా పోసింది.

హ్యూ సిపాయిల అలవాటుకొద్దీ దాన్ని బుగ్గన పెట్టుకున్నాడు. "వాడి పేరే పిలుస్తోందే!"

"ఈ తూటానే వాడు. గురి మాత్రం తప్పించకు."

మర్నాడు మంచు విడగానే హ్యూ పేల్చాడు. "ఆంబ్రోస్!" అన్న పిలుపు రెండు వైపులా వినపడింది. ఎవరా అని ఆంబ్రోస్ తల తిప్పాడు. చెవి తమ్మె తెగింది, ప్రాణం దక్కింది.

"ఆఁ, వస్తున్నా!" అని పీపా కింద పెట్టి పట్టణం వైపు నడిచాడు. పిలిస్తే పోతున్నవాణ్ణి ఎవరు కాలుస్తారు? అటూ ఇటూ అందరూ చూస్తూ ఊరుకున్నారు.

గేటు దగ్గర ఉర్సులా వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"తల తిప్పుతావని పిలిపించాను గాని, రమ్మన్నానుట్రా?"

"పిలిస్తే రాకుండా ఎలాగే?"

ఊళ్లో గింజ లేదు. గోడ ఇంకో వారం ఆగితే గొప్ప. అది కూలిన రోజున ఇటు ఫిరాయించినవాణ్ణే ముందు ఉరితీస్తారని ఇద్దరికీ తెలుసు. ఉర్సులాకి ఏడుపొచ్చింది. తలగుడ్డతో వాడి చెవి అదిమిపట్టి, గుర్రం మాంసం పులుసు కాస్త ఉంది, చల్లారకముందే తిను పద అంది.