గూట్లో వక్కముక్క

మబ్బుకొండ ఊరిమీద మబ్బు దిగి ఉంది, ఆ మబ్బులో అత్త రెడ్డెమ్మ ముందు నడుస్తోంది, కోడలు నాగవేణి వెనకాల నడుస్తోంది. రెడ్డెమ్మ పోయి ఏడాది దాటిందని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ సంగతి ఇద్దరూ ఎత్తడం లేదు. అత్త కాళ్ళకి చెప్పులు లేవే, పల్లేరుకాయలు గుచ్చుకుంటాయేమో అన్నదొక్కటే నాగవేణి దిగులు.

"మే, బిరబిర రా. చూసేది శానా ఉండాది," అంటుంది రెడ్డెమ్మ వెనక్కి తిరక్కుండానే.

"పుట్టినకాడి నుంచీ చూస్తానే ఉండా గదత్తా ఈ కొండని."

"చూసినావు. నేను చూపించంగా చూసినావా?"

అదీ నిజమే. బతికినన్నాళ్ళూ రెడ్డెమ్మ కోట చూడవచ్చినవాళ్ళకి మజ్జిగ అమ్మింది, మజ్జిగకి డబ్బులు పుచ్చుకుని కథలు మాత్రం ఊరికే పోసింది. కోడలికి మజ్జిగ చిలికే పనే తప్ప కథ వినే తీరిక ఎప్పుడు దొరికింది గనక!

మబ్బు కాస్త పక్కకి తప్పుకుంటే అక్కచెల్లెళ్ళ దొన కనిపిస్తుంది, నల్లరాతి బండలో దేవుడు గరిటెతో తోడినట్టున్న నీటిగుంట. పాలెగాడి కోటని శత్రువులు చుట్టుముట్టినప్పుడు అతని కూతుళ్ళిద్దరూ ఈ నీళ్ళే మోసి ఊరి ప్రాణం నిలబెట్టారని రెడ్డెమ్మ చెప్పబోతుంటే, ఆ కూతుళ్ళిద్దరూ గట్టుమీదే కూచుని బిందెలు తోముకుంటున్నారు, పట్టుపావడాలు మోకాళ్ళదాకా ఎగదోపుకుని. పెద్దది తలెత్తి, "ఏం కూర వదినా ఈపొద్దు?" అని నాగవేణిని అడుగుతుంది. "అనపకాయలు" అనేసి నాగవేణి ముందుకు పోతుంది, పాలెగాడి కూతురు తనకి ఏ వరసన ఆడబిడ్డ అయిందో తేల్చుకోలేక.

దొన దాటితే దొర బంగళా. కింద ఎండకి ఓర్చుకోలేక పల్లకీలో కొండెక్కి, ఇక్కడ చలికి ఓర్చుకోలేక గోడలో పొగగొట్టం కట్టించుకున్నాడట ఆ దొర. "పిచ్చిముండాకొడుకు, కంబళి కప్పుకుంటే పోయేదానికి!" అని రెడ్డెమ్మ నవ్వుతుంది. ఆ పొగగొట్టం కింద చూస్తే నాగవేణి గ్యాసు పొయ్యి, దానిమీద పాలు, పొంగడానికి సిద్ధంగా. నాగవేణి గబగబా వంగబోతే కడుపులో నొప్పి మెలిపెడుతుంది. అప్పుడు గుర్తొస్తుంది ఆమెకి, తెల్లారితే కొండ దిగాలి, కింద పట్నంలో పెద్దాసుపత్రిలో గర్భసంచి తీస్తారు, లోపల గడ్డ ఎలాంటిదో తీశాకగానీ చెప్పలేమన్నాడు డాక్టరు.

"పొంగనీ మే," అంటుంది రెడ్డెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని. "పాలు పొంగితే మంచిదేలే."

అత్త చెయ్యి వెచ్చగా ఉంది. అదేమిటో ఆ వెచ్చదనానికే నాగవేణికి భయమేస్తుంది. పోయినవాళ్ళు వచ్చి పిలిస్తే పలకకూడదు, పలికినా వెంటపోకూడదు అని ఊరందరికీ చెప్పిందీ ఈ రెడ్డెమ్మే! మరి తను పలికింది, వెంటా నడుస్తోంది, దారేమో కొండ దిగే కోటవాకిలి వైపే పోతోంది.

కోటవాకిలి దగ్గర మబ్బు లేదు. కిందికి మెట్లు, మెట్ల కింద ఏమీ లేదు. కుడిపక్క గోడలో దీపం పెట్టేంత గూడు. మబ్బుకొండ దిగేవాడెవడూ "పోతా" అనడు, "ఎక్కొస్తా" అంటాడు. వక్క రెండుగా కొట్టి ఒక ముక్క నోట్లో వేసుకుని రెండో ముక్క ఆ గూట్లో పెట్టి దిగుతాడు, ఎక్కొచ్చాక తినడానికి. పెద్ద ముక్క గూటికి, చిన్న ముక్క నోటికి. కొండ మనిషిని మళ్ళీ పైకి లాక్కోవాలంటే ఆ మాత్రం ఆశ పెట్టాలిగా మరి!

నాగవేణి ఇక ఉండబట్టలేకపోతుంది. "అత్తా, ఒకటి అడగాల. ఆపొద్దు ఆసుపత్రికని డోలీలో నిన్ను దించేటప్పుడు నేను చూసినా. పెద్దముక్క నోట్లో ఏసుకుంటివి, గూట్లో నలుసంత పెడితివి. మామీద కోపమా? నేనేమన్నా తక్కువ చేసినానా? ఏడాదిగా ఇదే నన్ను తినేస్తాంది."

రెడ్డెమ్మ కోడలి నుదుటిమీద జుట్టు వెనక్కి తోస్తుంది, జ్వరం చూసినట్టు.

"పిచ్చిదానా, నాకు తెల్సు గదా మే రానని. పెద్దముక్క పెట్టిపోతే దాన్ని చూసుకుంటా మీరు వాకిట్లోనే కూచుంటారు, అత్త వస్తాది అత్త వస్తాది అని. ఎందుకు మీకా గోస?"

నాగవేణికి ఏడుపు తన్నుకొస్తుంది. ఏడుస్తూనే అత్త కొంగు పట్టుకుంటుంది, "అయితే నేనూ వస్తా. నీకాడ ఉంటే భయం లేదు నాకు," అని మొదటి మెట్టుమీద కాలు పెడుతుంది.

"తియ్, కాలు తియ్!" రెడ్డెమ్మ కసురుకుంటుంది, బతికుండగా పాలచట్టి దగ్గర పిల్లిని కసురుకున్నట్టే. "నేను పిల్చడానికి రాలా. ఒక మాట నీకు చెప్పిపోదామని వచ్చినా. రేపు పెద్దముక్క గూట్లో పెట్టి దిగు. నా కొడుకుతో కొట్టించుకో వక్క. వాడికి సమంగా కొట్టడం ఈ జన్మకి రాదు, ఒకటి గుమ్మడికాయంత, ఒకటి ఆవగింజంత. ఇన్నాళ్ళకి వాడి చేతకానితనం అక్కరకొస్తాది."

కొంగు నాగవేణి వేళ్ళలోంచి జారిపోతుంది. రెడ్డెమ్మ ఒక్కతే దిగుతోంది, మెట్టు మెట్టుకీ చిన్నదవుతూ, కానీ గొంతు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది, మజ్జిగ అమ్మినన్నాళ్ళూ కోటవాకిట్లో కూచుని దిగేవాళ్ళందరికీ చెప్పిన మాటే, "ఎక్కిరా మే, ఎక్కిరా," అంతలో ఎక్కడో టక్‌మని చప్పుడు.

నాగవేణి కళ్ళు తెరుస్తుంది. తెల్లారింది. గడపమీద మొగుడు గంగులప్ప కూచుని ఉన్నాడు, చేతిలో తల్లి అడకత్తెర. ఆమె పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు.

"సరిగ్గా తెగలేదు," అంటాడు మొహం తిప్పుకుని. చిన్న ముక్క ఆమె చేతిలో పెట్టి, పెద్దది తన జేబులో వేసుకుంటాడు.

నాగవేణి అరచేతిలోకి చూసుకుంటుంది. ఆవగింజంత.

"ఇంతేనా నాకు?"

"అంతే. మిగతాది గూట్లో పెడతా. ఎక్కొచ్చి తిను."