కవర్లలో ఉన్నది డబ్బు కాదు

వెర్న్ టాలెరుడ్ నా భార్య గురించి అబద్ధం చెప్పాడు. రాష్ట్ర శాసనసభలో, మైకు ముందు నిలబడి, జిల్లా అంతా వింటుండగా చెప్పాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ రోజు సభలో చర్చకు వచ్చింది ఫోనులో ఆడే ఒక రకం జూదం. దాన్ని జూదం అనకూడదని ఆ కంపెనీల వాదన. వాళ్ళ దగ్గర రెండు రకాల నాణేలుంటాయి. మొదటి రకాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చు, కానీ దానితో ఎంత గెలిచినా చేతికేమీ రాదు. రెండో రకాన్ని అమ్మరు. మొదటిది కొన్నవాళ్ళకు బహుమానంగా ఇస్తున్నామంటారు. గెలిచాక డబ్బుగా మారేది ఆ బహుమానమే. అమ్మలేదు కాబట్టి జూదం కాదట. అలాంటి మాట నమ్మేవాడు మా మోంటానాలో గోధుమలు పండించి బతకలేడు. ఆ కంపెనీలను రాష్ట్రం నుంచి తరిమేయాలని బిల్లు వచ్చింది. తరిమేశారు. మంచి పనే చేశారు. వెర్న్ వేసిన ఓటుతో నాకు పేచీ లేదు. ఓటుకు ముందు మాట్లాడిన మాటతోనే పేచీ.

చట్టం నుంచి తప్పించుకోవడానికి ఆ కంపెనీలు ఒక దొడ్డిదారి పెట్టుకున్నాయి. పైసా ఖర్చు పెట్టి ఏమీ కొనకపోయినా రెండో రకం నాణేలు అడగవచ్చు. వాళ్ళు చెప్పిన వాక్యాన్ని చెప్పినట్టు ఒక అట్ట కార్డు మీద చేత్తో రాసి, కవరులో పెట్టి, కవరు మీద రెండు చిరునామాలూ చేత్తోనే రాసి పోస్టులో పంపాలి. కవరుకు ఒక్క కార్డే. ఒక్క అక్షరం దిద్దినా కొట్టేస్తారు. ఈ సంగతి నిబంధనల అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఎవరూ చదవరని వాళ్ళ ధైర్యం.

నా భార్య ఆర్డిస్ చదివింది. పెళ్ళయినప్పటి నుంచి ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ధాన్యం గోదాములో తూకం చీటీలు రాసిన మనిషి. ఊపిరితిత్తులు చెడిపోయాక ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో వంటింటి బల్ల దగ్గర కూర్చుండిపోయింది. ఆట ఆమెకు రెండు నిమిషాల్లో విసుగొచ్చేది. కార్డులు రాయడమే ఇష్టం.

"ఇంత కష్టపడి రాయడం దేనికి?" అని అడిగాను ఒకసారి.

"వాళ్ళకు ఒళ్ళు మండాలని. ఇస్తామని రాసుకున్నారుగా, ఇమ్మంటున్నాను."

"ఇవ్వకపోతే?"

"మళ్ళీ రాస్తాను. నాకింకేం పని ఉంది గ్లెన్? నువ్వు వండింది తిని బతికుండటం తప్ప."

ఆ నాణేలతో గెలిచి వచ్చినదానితో స్టాంపులు కొనేది. మిగిలితే కిటికీ బయట పిట్టలకు గింజలు. తన చేతి నుంచి ఆ కంపెనీకి చిల్లిగవ్వ పోలేదు. ఆమె గర్వమంతా అదే.

కవర్లు పోస్టాఫీసుకు తీసుకెళ్ళేది నేను. వెర్న్ ఒకరోజు వరసలో నా వెనక నిలబడి వాటి మీద కంపెనీ పేరు చూశాడు. మా వైపు కరెంటు బిల్లు నుంచి పశువుల డాక్టరు ఫీజు దాకా అన్నిటికీ చెక్కు రాసి కవరులో పెట్టి పంపుతాం. కవరు వెళ్ళిందంటే డబ్బు వెళ్ళిందనే లెక్క. వెర్న్ అదే అనుకున్నాడు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క పొలం. ఇద్దరం ఒకే గది ఉన్న బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదివాం. అయినా అడగలేదు. సభకు వెళ్ళి చెప్పాడు.

"మా జిల్లాలో ఒక జబ్బుమనిషి ఉంది. ఊపిరి ఆడదు. ఈ కంపెనీకి కవర్ల కొద్దీ డబ్బు పంపుతోంది. అది ఆవిడ మందుల డబ్బు. పాపం మొగుడే తెచ్చి పోస్టులో వేస్తున్నాడు."

పేరు చెప్పలేదు. మా జిల్లాలో పేరు చెప్పనక్కర్లేదు.

వెర్న్ అల్లుడికి ఊళ్ళో బారు ఉంది. అందులో గోడ పొడుగునా జూదం యంత్రాలున్నాయి. వాటికి లైసెన్సు ఉంది, వాటి మీద రాష్ట్రానికి పన్ను వస్తుంది. వాటి ముందు కూర్చుని జీతం మొత్తం పోగొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళెవరూ ఆ ఉపన్యాసంలోకి రాలేదు.

ఆ వారమే చర్చి ఆడవాళ్ళ తరఫున లవోన్ వచ్చింది. బంగాళాదుంపలూ మాంసమూ వేసి కాల్చిన పెద్ద గిన్నె తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.

"మేమందరం నీకోసం ప్రార్థిస్తున్నాం ఆర్డిస్."

"నా ఊపిరితిత్తుల కోసమేగా?"

"అన్నిటి కోసం," అంది లవోన్, నేల చూపులు చూస్తూ.

ఆమె వెళ్ళాక గిన్నె కింద రెండు కాగితాలు దొరికాయి. ఒకటి, జూదం వ్యసనం మానడం ఎలాగో చెప్పే కరపత్రం. రెండోది కవరు. అందులో చందాలు పోగు చేసిన నోట్లు.

ఆర్డిస్ కరపత్రాన్ని మడిచి ఆ కవరులోకే దూర్చింది. తర్వాత, "ఆ గిన్నె ఇచ్చేసి రా," అంది.

"కడిగి ఇవ్వనా?"

"అలాగే ఇచ్చెయ్యి. కవరుతో సహా."

నేను తలుపు దగ్గరికి వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "వెర్న్ చేత నిజం చెప్పించు గ్లెన్. అందరి ముందూ చెప్పాలి. నేను పోయాక కాదు. నేను వినాలి."

ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే.

సభ ముగిసి వెర్న్ ఊరికి వచ్చాక వెళ్ళాను. షెడ్డులో, విత్తే యంత్రం కింద పడుకుని ఉన్నాడు. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎవరది?"

"నేనే, గ్లెన్‌ని."

"ఆ పానా ఇలా అందించు."

అందించలేదు. కాసేపటికి తనే బయటికి పాకి వచ్చాడు.

"ఏంట్రా, ముఖం అలా పెట్టావు? ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదు. పోయేలోపు నువ్వో మాట వెనక్కి తీసుకోవాలి."

కవర్లలో ఏముందో చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు. విని నవ్వాడు.

"కార్డు ముక్క పంపితే డబ్బులిస్తారా? మరీ అంత వెర్రివాణ్ణి చెయ్యకురా నన్ను."

"వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. దేని మీద ఓటేస్తున్నావో చదువుకోలేదా?"

"అన్నీ చదువుతూ కూర్చుంటే తొంభై రోజుల సభ చాలదు."

"అయితే మాట్లాడకుండా కూర్చోవాల్సింది."

"నేను ఆవిడ పేరెత్తానా?"

"ఎత్తాల్సిన పని లేకుండా చెప్పావు."

పానా తీసుకుని బోల్టు మీద పెట్టాడు. తిప్పలేదు. "సరేలే. మళ్ళీ సభ కూడినప్పుడు సరిచేస్తాను."

మా రాష్ట్రంలో సభ రెండేళ్ళకోసారి కూడుతుంది.

"ఆర్డిస్‌కు రెండేళ్ళు లేవు," అన్నాను.

మర్నాడు మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రా వెర్న్, కూర్చో," అంది ఆర్డిస్. "భయపడకు, అప్పు అడగను. నా దగ్గర కట్టలకొద్దీ డబ్బుంది కదా, పోస్టులో వెయ్యడానికి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆర్డిస్ ఒక కార్డు తీసి, ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతూ, ఆ వాక్యం మొదటి నుంచి చివరి దాకా రాసింది. రాసి, బల్ల మీద అతని వైపు తోసింది.

"ఇదిగో, నా మందుల డబ్బు."

వెర్న్ చదివాడు. తిప్పి వెనక వైపు కూడా చూశాడు. "నాకు తెలియదు ఆర్డిస్," అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది."

"పేపర్లో రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను."

"ఎప్పుడు?"

"విత్తనాలు వేయడం అయిపోగానే."

మా జిల్లాకు వారపత్రిక ఒకటే. గురువారం వస్తుంది. ఆర్డిస్ ముందుగా ఉత్తరాల పేజీ తీసేది. రోడ్డు మీద గుంతల గురించీ, తప్పిపోయిన కుక్క గురించీ, బడి బస్సు గురించీ ఉండేవి. మడిచి పక్కన పెట్టేది. విత్తనాలు అయ్యాయి. కోతలు అయ్యాయి. అక్టోబరులో చట్టం అమలులోకి వచ్చింది. మీ రాష్ట్రంలో ఇక సేవలు లేవు, మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు అని కంపెనీ ఫోనుకు సందేశం పంపి ఖాతా మూసేసింది. ఆర్డిస్ మిగిలిన అట్ట కార్డులను నాకు సరుకుల జాబితా రాసివ్వడానికి వాడుకుంది.

జింకల వేట రోజులూ అయ్యాక వెర్న్‌కు ఫోను చేశాను.

"జూన్‌లో మా పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక ఉందిరా. సభలో తప్పు మాట్లాడానని నా చేత్తో నేనే రాసిస్తే అవతలివాడు దాన్నే పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. అది అయిపోనీ. ఆవిడకు చెప్పు, మర్చిపోలేదని."

నేను చెప్పలేదు. ఆమె అడగలేదు. గురువారాలు మాత్రం పేపరు విప్పుతూనే ఉంది, చేతులు ఆడనప్పుడు నా చేత విప్పించుకుంది.

ఫిబ్రవరిలో, నేల గడ్డకట్టి ఉండగా పోయింది.

చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. పంది మాంసం పెట్టిన బన్నులు, కాఫీ. జిల్లాలో నడవగలిగినవాళ్ళందరూ వచ్చారు. లవోన్ కప్పులు నింపుతోంది. వెర్న్ లేచి చెంచాతో కప్పు మీద కొట్టాడు.

"ఆర్డిస్ గురించి నేను సరిదిద్దుకోవాల్సిన మాట ఒకటుంది."

"కూర్చో వెర్న్," అన్నాను.

"చెప్పనివ్వరా. అందరూ ఉన్నారు."

"అందరూ లేరు."

 లవోన్ కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. వెర్న్ కూర్చున్నాడు.

జూన్‌లో గెలిచాడు. గెలిచాక ఉత్తరం రాసి తెచ్చాడు. బాగానే రాశాడు, తప్పు తనదేనన్నాడు. నేను సరేనంటే పేపరుకు ఇస్తానన్నాడు. చదివి అతనికే ఇచ్చేశాను. వేయవద్దన్నాను. మా పాస్టరు రెండుసార్లు ఇంటికి వచ్చి, నీ పంతం వల్ల ఆవిడ పేరు మీద మచ్చ అలాగే ఉండిపోతుంది గ్లెన్, అన్నాడు. ఉండనివ్వండి అన్నాను. ఆమె వినాలంది. వినడానికి ఆమె లేదు. మిగతావాళ్ళ మనసు తేలికపడటానికి నా భార్య పేరు వాడుకోనివ్వను. వెర్న్ మనసు అసలే తేలికపడనివ్వను.

జరిగింది ఇంతే. ఇకమీద దీని గురించి వెర్న్‌తో గానీ, పాస్టరుతో గానీ, ఇంకెవరితో గానీ మాట్లాడను.