జెండా వెనక జనం

మసుమికి అక్కంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. కాకపోతే ఆ ప్రేమను భరించడం మామూలు మనుషుల వల్ల కాదు. కినుయోకు మోకాళ్ళు పోయి, నాలుగు చక్రాల బ్యాటరీ బండి వచ్చిన నాటి నుంచీ చెల్లెలిది ఒకటే పోరు. కొండల్లో, ఆ మంచులో, అంత ఇంట్లో ఒక్కదానివే ఎందుకు, ఒసాకాలో మా మేడ పక్కనే లక్షణమైన వృద్ధాశ్రమం ఉంది, వచ్చి చేరిపొమ్మని. నాలుగు రోజులు హాయిగా తిరిగొద్దామని అక్కాచెల్లెళ్ళు కోట ఉన్న మాత్సుయే ఊరికి వస్తే, ఇక్కడ కూడా అదే పాట. పొద్దున్నే సత్రంలో ఆల్చిప్పల చారు తాగుతుంటే కినుయోకు ఒళ్ళు మండింది. నేనెక్కడికైనా ఒక్కదాన్నే వెళ్ళి రాగలను, నీ సాయం నాకక్కర్లేదు అనేసింది.

మసుమి గిన్నె కింద పెట్టింది.

"సరే అక్కా. ఈ ఊరు నీకు కొత్త. ఒక్కదానివే తిరిగి, మధ్యాహ్నం పన్నెండింటికల్లా కోట వంతెన దగ్గర సోబా నూడుల్స్ కొట్టుకి రా. ఎవర్నీ దారి అడక్కూడదు, సాయం అడక్కూడదు. ఫోను నాకిచ్చెయ్. వచ్చావా, ఇంక ఆశ్రమం మాటెత్తను. రాలేదా, ఈ చలికాలానికి సామాను సర్దుకోవాలి."

"రాసుకో," అంది కినుయో, ఫోను ఆమె ముందుకి తోస్తూ.

పందెం కాసిన మసుమి ఊరుకోవచ్చుగా. కార్లవాళ్ళకి కనబడాలంటూ ఒక పొడుగాటి కర్రకు నారింజరంగు జెండా కట్టి, బండి వెనక దోపి మరీ పంపింది. కొంప ముంచింది ఆ జెండాయే.

కోట ద్వారం దగ్గర ఓ పాతికమంది పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. తేయాకు తోటల ఊరి నుంచి యాత్రకొచ్చిన వృద్ధుల సంఘం. అందరి ఛాతీల మీదా నారింజరంగు బిళ్ళలు. వాళ్ళ గైడు చేతిలోనూ నారింజ జెండాయే, కాని ఎవరో ముసలమ్మ గొడుగు మర్చిపోయిందని ఆయన అప్పుడే బస్సు దగ్గరికి పరిగెత్తాడు. బళ్ళో చదివే రోజుల నుంచీ జెండా వెనక నడిచిన కాళ్ళవి. గైడు మొహం ఎవడు చూస్తాడు? జెండా కదిలితే కాళ్ళు కదులుతాయి. కినుయో బండి కదిలింది. పాతికమందీ కదిలారు.

బండి అద్దంలో వాళ్ళను చూసి, పాపం వెళ్ళనిద్దామని ఆమె పక్కకు ఆగింది. వాళ్ళూ పక్కకు ఆగారు. ఆమె తల వంచి నమస్కరించింది. పాతిక తలలూ వంగాయి. అయ్యా, నేను మీ గైడును కాను అని ఒక్క మాట అనేస్తే పోయేది. కాని అంతమంది పెద్దవాళ్ళను నడివీధిలో పట్టుకుని, మీరు పొరబడ్డారు అని మొహం మీద ఎలా అనడం? అంత మర్యాద తక్కువ పని కినుయో వంశంలోనే లేదు. వాళ్ళే తెలుసుకుంటారులే అనుకుని ముందుకు పోనిచ్చింది. ఎలాగైనా వదిలించుకోవాలని కనబడ్డ సందులోకల్లా తిప్పింది. తిప్పి తిప్పి చివరికి గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక మూసుకుపోయిన సందులో తేలింది. ఎదురుగా గోడ, గోడ మీద పిల్లి, వెనక పాతికమంది.

వాళ్ళు కెమెరాలు పట్టుకుని అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. ఆమె ఏదో ఒకటి చెప్పాలి.

"ఇది గోడండీ," అంది కినుయో.

అందరూ ఓహో అన్నారు. చాలా పాతదాండీ అని ఒకావిడ అడిగింది. కట్టినప్పుడు కొత్తదేనండీ అని కినుయో చెప్పింది. ఆవిడ భక్తిగా తలూపి గోడకు ఫొటో తీసుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. కినుయో ధైర్యం పుంజుకుని పిల్లి గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పింది. ఆ ఇరుకులో బండిని కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఆడించి ఎలాగో తిప్పేసరికి చప్పట్లు కొట్టారు.

చప్పట్లు సరే, సందు బయటకొచ్చాక చూస్తే కోట లేదు. ఎటు చూసినా ఒకేలాంటి పెంకుటిళ్ళు. ఎక్కడో పదకొండున్నర గంట మోగింది. ఇంటి చూరుకు పెర్సిమన్ పళ్ళు తోలు తీసి, దారాలకు గుచ్చి ఎండడానికి వేలాడదీసే కాలం దగ్గరకొచ్చింది. ఆశ్రమంలో ఎవరు వేలాడదీయనిస్తారు? తన వంటింటి కిటికీ, తన కూరల కత్తి, తనిష్టం వచ్చినప్పుడు తాగే టీ, అన్నీ ఈ పూటతో పోతాయి. ఏడుపొచ్చింది. దారి అడగకూడదు. దారి తెలియదు. వెనక చూస్తే తనకే తెలుసనుకునే పాతికమంది.

అప్పుడు తట్టింది ఆమెకు. బండి వాళ్ళవైపు తిప్పి గొంతు సవరించుకుంది.

"ఎవరికెంత గుర్తుందో చూద్దాం. ఇక్కణ్ణుంచి కోట వంతెనకి ఎటు వెళ్ళాలి?"

చిన్నపిల్లల్లా చేతులు లేచాయి. మెడలో తువ్వాలు వేసుకున్న నిట్టా అనే పెద్దాయన అందరికన్నా ముందు లేపాడు. ఎక్కడికెళ్ళినా తప్పిపోతాడని పెళ్ళాం ఎగతాళి చేస్తుంటే, బస్సులో దారంతా ఊరి పటం బట్టీపట్టాడట. కుడికి తిరిగి, కాలవ వెంట వెళ్తే రెండో వంతెన అన్నాడు. భేష్ అంది కినుయో. అడిగితే సాయం, పరీక్ష పెడితే పాఠం. అది ఆమె న్యాయం.

పన్నెండుకు ఇంకా కాస్త ఉండగానే జెండా సోబా కొట్టు ముందు ఆగింది. మసుమి లేదు. పన్నెండు కొట్టింది, అయినా లేదు. గెలిచిన సంతోషం పోయి కినుయోకు కంగారు పట్టుకుంది. అంతలో అసలు గైడు ఊరంతా వెతుక్కుంటూ, చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. రెండు జెండాలు చూసి సంఘమంతా కొయ్యబారిపోయింది. తర్వాత ఎవరు ఎవరికి నమస్కరిస్తున్నారో తెలియకుండా అందరూ అందరికీ వంగి వంగి నమస్కరించారు. గైడు తలలు లెక్కపెట్టి మొహం చిట్లించాడు. ఒకటి ఎక్కువొచ్చింది.

వరస చివర టోపీ ముక్కు దాకా లాక్కుని, ఛాతీ మీద బిళ్ళ లేకుండా నిలబడి ఉంది మసుమి.

"ఎప్పట్నుంచే?" అంది కినుయో.

"సత్రం దగ్గర్నుంచి." మసుమి టోపీ తీసింది. "నువ్వెవర్నైనా దారి అడిగితే పట్టుకుందామని వచ్చా. రెండో సందులోనే నాకు దిక్కు తెలీకుండా పోయింది. ఇంక నే కట్టిన జెండానే చూస్తూ వచ్చా."

"ఫోనులు రెండూ నీ దగ్గరే ఉన్నాయి కదే."

"తోచలేదు అక్కా. నువ్వు ముందున్నావుగా, పర్లేదనిపించింది." టోపీ దులుపుకుని, "నిట్టాగారిని దారి అడిగావు కదా?" అంది బింకంగా.

అడగలేదండీ, పరీక్ష పెట్టారు, నేను పాసయ్యాను అన్నాడు నిట్టా పక్కనుంచి.

సోబా వచ్చింది. మసుమి తినకుండా చేతిలోని తినే పుల్లలతో గిన్నెలో కెలుకుతూ కూర్చుంది. ఆశ్రమం మాట ఇంకెత్తనంది. తర్వాత గిన్నెలోకి చూస్తూనే, మా ఆయన పోయాక ఆ మేడలో మాట్లాడ్డానికి మనిషి లేదు, నువ్వు పక్కనుంటే బావుండునని భయంతో అడిగాను అంది. ఇన్నేళ్ళలో చెల్లెలికి భయం ఉంటుందని కినుయోకు తట్టనే లేదు.

"చలికాలం మా ఇంటికి రా. పళ్ళ తోలు తీద్దువుగాని," అంది.

మసుమి ముక్కు చీదుకుని తలూపింది. బయటకొచ్చి కినుయో బండెక్కింది.

"ఇప్పుడెటు అక్కా?"

"నాకేం తెలుసే. జెండా చూస్తూ రా."

బండి కాలవ వెంట కదిలింది. మసుమి వెనక నడిచింది. గైడు కొట్టు ముందు తన జెండా ఎత్తి పట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు, నిట్టా మాత్రం ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, తువ్వాలు సర్దుకుని మసుమి వెనక నడవడం మొదలుపెట్టాడు.